మ్యాప్‌లో చుక్క కనిపిస్తోంది, కుక్క కనిపించట్లేదు: ఎయిర్‌ట్యాగ్, జీపీఎస్ ట్రాకర్, మైక్రోచిప్... దేన్ని ఎంతవరకు నమ్మాలి?

మామూలుగా ఇక్కడ నేను రాసేవి ఫోన్ రివ్యూలు, ఇయర్‌బడ్స్ కంపారిజన్లు. ఈసారి ఒక ట్రాకర్ గురించి రాస్తున్నా. కాకపోతే దీన్ని టెస్ట్ చేద్దామని నేను అనుకోలేదు. టెస్టే నా మీద పడింది.

2025 అక్టోబర్ 20, దీపావళి. హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్‌లో మూడో అంతస్తులో మా ఫ్లాట్. నేను, నా రూమ్‌మేట్, మా కుక్క జున్ను. జున్ను బ్రీడ్ డాగ్ కాదు, మన నాటు కుక్కే, మూడేళ్ల ఆడకుక్క. రాత్రి 8:10కి స్వీట్ బాక్స్ లోపల పెడదామని తలుపు ఓరగా వదిలేశా. అదే టైమ్‌లో కింద ఎవరో థౌజండ్‌వాలా అంటించారు. జున్ను నా కాళ్ల మధ్య నుంచి దూరి మెట్ల మీదుగా వెళ్లిపోయింది. నేను గేటు దగ్గరికి వచ్చేసరికి సందులో పొగ తప్ప ఏమీ లేదు.

నిజం చెప్పాలంటే ఆ మొదటి ఐదు నిమిషాలు నేను పెద్దగా భయపడలేదు. మెడలో ఎయిర్‌ట్యాగ్ ఉంది కదా, ఫైండ్ మై ఓపెన్ చేస్తే దొరికిపోతుంది అనుకున్నా. బీటెక్ చేసి, రోజూ ఏపీఐలతో కుస్తీ పట్టేవాడిని, అది ఎలా పనిచేస్తుందో తెలిసి కూడా అలా ఎలా అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

చుక్క అంటే అసలేంటి?

ఎయిర్‌ట్యాగ్‌లో జీపీఎస్ లేదు. సిమ్ లేదు, ఇంటర్నెట్ కూడా లేదు. లోపల ఉన్నది ఒక సీఆర్2032 బటన్ సెల్, ఒక బ్లూటూత్ రేడియో, దగ్గరికి వెళ్లాక దిక్కు చూపించే అల్ట్రా వైడ్‌బ్యాండ్ చిప్, ఒక బుల్లి స్పీకర్, ఎన్ఎఫ్‌సీ. అది చేసే పని ఒక్కటే: "నేనున్నా, నేనున్నా" అంటూ బ్లూటూత్‌లో ఒక పబ్లిక్ కీని పంపుతూ ఉంటుంది. పక్క నుంచి ఎవరిదైనా ఐఫోన్ వెళ్తే ఆ కేక వింటుంది. తన సొంత లొకేషన్‌ని ఆ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి ఆపిల్ సర్వర్‌కి పంపిస్తుంది. దాన్ని విప్పే ప్రైవేట్ కీ మన దగ్గరే ఉంటుంది కాబట్టి ఆపిల్‌కి కూడా లొకేషన్ తెలియదు. రిపోర్ట్ పంపిన ఐఫోన్ ఓనర్‌కి ఇదంతా జరిగినట్టే తెలియదు. ఇంజినీరింగ్ పరంగా చాలా అందమైన డిజైన్, ఒప్పుకోవాల్సిందే.

కానీ ఇక్కడ ఒక విషయం గమనించండి. మనకి కనిపించే చుక్క కుక్క ఉన్న చోటు కాదు. కొంతసేపటి క్రితం కుక్కకి దగ్గరగా వెళ్లిన ఒక ఐఫోన్ ఉన్న చోటు. తాళాల గుత్తికి ఈ రెండిటికీ పెద్ద తేడా ఉండదు, తాళాలు నడవవు కదా. భయపడి పరిగెడుతున్న కుక్కకి మాత్రం చాలా తేడా ఉంటుంది.

ఆ రాత్రి నాకు జరిగింది ఇదే. 8:31కి చుక్క మైత్రీవనం వైపు ఒక సందులో చూపించింది, కింద "3 నిమిషాల క్రితం" అని. పరిగెత్తా, అక్కడ లేదు. 8:40కి చుక్క మెయిన్ రోడ్డు మధ్యలోకి వెళ్లింది, సరిగ్గా మెట్రో లైన్ కింద. నా గుండె ఆగినంత పనైంది. ఆ ట్రాఫిక్‌లో కుక్క రోడ్డు మధ్యలో ఉందంటే ఇంకేముంది అనుకున్నా. వెళ్లి చూస్తే డివైడర్, బస్సులు, బైకులు, అంతే. తొమ్మిది దాటాక చుక్క మళ్లీ సందులోకి వచ్చింది. ఒకవైపు నుంచి నేను, ఇంకోవైపు నుంచి బైక్ మీద నా రూమ్‌మేట్, "జున్నూ, జున్నూ" అని అరుచుకుంటూ చుక్క వెంట తిరుగుతూనే ఉన్నాం. భయపడ్డ కుక్క అలాంటప్పుడు ఓనర్ గొంతు విన్నా బయటికి రాకపోవచ్చు, దాక్కున్నచోటే ఇంకా ముడుచుకుంటుంది అని తర్వాత మా వెట్ డాక్టర్ చెప్పారు. అంటే మా అరుపులు కూడా దానికి టపాసుల్లాగే వినిపించి ఉంటాయి.

ఆ రోడ్డు మధ్య చుక్క సంగతి తర్వాత అర్థమైంది. జున్ను సందు మొదట్లో ఉన్నప్పుడు మెయిన్ రోడ్డు మీద వెళ్తున్న ఎవరిదో ఐఫోన్ ట్యాగ్ సిగ్నల్ అందుకుంది. ఆ ఫోన్ తను ఉన్న చోటు రాసుకుంది. పైగా నాలుగైదు అంతస్తుల బిల్డింగుల మధ్య జీపీఎస్ సిగ్నల్ గోడలకి తగిలి వస్తుంది కాబట్టి ఫోన్ లొకేషనే పదుల మీటర్లు పక్కకి పోవచ్చు. ఒక తప్పు మీద ఇంకో తప్పు అన్నమాట.

రాత్రి 11:05 తర్వాత అప్‌డేట్ రాలేదు. తెల్లవారేదాకా అదే టైమ్. బ్యాటరీ పోయిందా, ట్యాగ్ ఊడిపోయిందా, ఇంకేమైనా అయిందా... ఆ ఏడు గంటలు నేను అనుకోని చెడ్డ విషయం లేదు. అసలు కారణం చాలా సింపుల్: ఆ రాత్రి దాని పక్క నుంచి ఏ ఐఫోనూ వెళ్లలేదు. మా ఏరియా నిండా హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. పగలు జనం కిక్కిరిసి ఉంటారు, కానీ ఎక్కువమంది చేతుల్లో ఉండేవి ఆండ్రాయిడ్ ఫోన్లే.

మరి ఆండ్రాయిడ్ ట్యాగ్ పెట్టి ఉంటే?

ఈ ప్రశ్న మీరు అడుగుతారని తెలుసు, నేను కూడా అడుక్కున్నా. గూగుల్ నెట్‌వర్క్ 2024 ఏప్రిల్‌లో మొదలైంది, 2025లో ఫైండ్ హబ్ అని పేరు మార్చారు. మన దగ్గర జియోట్యాగ్ గో లాంటివి దీని మీదే పనిచేస్తాయి. మన దేశంలో ఆండ్రాయిడ్ ఫోన్లు ఎక్కువ కాబట్టి ఇదే బెటర్ అనిపిస్తుంది. కానీ ప్రైవసీ కోసం గూగుల్ ఒక జాగ్రత్త పెట్టింది. డీఫాల్ట్ సెట్టింగ్‌లో ఒక్క ఫోన్ చూస్తే సరిపోదు, చాలా ఫోన్లు ఆ ట్యాగ్‌ని చూస్తేనే ఆ రిపోర్టులన్నీ కలిపి లొకేషన్ చూపిస్తుంది. రద్దీ రోడ్డు మీద ఓకే. రాత్రి రెండింటికి సందు చివర, ఒక్కడే నడిచి వెళ్తుంటే, ఆ ఒక్కడి ఫోన్ డీఫాల్ట్‌లో ఉంటే మనకి ఏమీ తెలియదు. సెట్టింగ్స్‌లో "అన్ని ప్రాంతాల్లో" అనే ఆప్షన్ ఉంది, కానీ దాన్ని వెతికి మార్చేవాళ్లు ఎంతమంది? మీ ఫోన్‌లో మీరు మార్చారా?

జీపీఎస్ ట్రాకర్ అయితే వేరే కథ. అది తన లొకేషన్ తానే లెక్కేసుకుని, సిమ్ ద్వారా పంపుతుంది. పరిగెడుతున్న కుక్కకి నిజంగా పనికొచ్చేది ఇదే. ఖర్చు మాత్రం ఉంటుంది: ట్రాకర్ ధర, పైన రీఛార్జ్, రెండు మూడు రోజులకోసారి ఛార్జింగ్ (నిమిషానికోసారి లొకేషన్ పంపమంటే ఇంకా తొందరగా అయిపోతుంది). కొనేముందు అది 4జీనా, 2జీనా చూడండి. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు, కాబట్టి 2జీ ట్రాకర్‌లో ఆ సిమ్ వేస్తే బొమ్మలా మెడలో వేలాడటమే. ఇంకోటి, సెల్లార్‌లోకి వెళ్తే శాటిలైట్ సిగ్నల్ అందదు. అది కూడా చివరి చుక్క దగ్గరే ఆగిపోతుంది.

మైక్రోచిప్ గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి "చిప్ వేయించావు కదరా, దాంతో చూడొచ్చుగా" అన్నారు. చూడలేం. అది బియ్యపు గింజంత ఉండే ఆర్ఎఫ్ఐడీ, బ్యాటరీ ఉండదు. రీడర్‌ని కొన్ని సెంటీమీటర్ల దూరంలో పెడితే 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర 15 అంకెల నంబర్ చెబుతుంది, అంతే. దొరికిన కుక్క ఎవరిదో తేల్చడానికి అది బలమైన రుజువు. తప్పిపోయిన కుక్కని వెతకడానికి కాదు.

మర్నాడు చేసిన పని

మంగళవారం ఆఫీస్‌కి సెలవు పెట్టా. కూర్చుని చుక్కలన్నీ ఒకచోట రాద్దామనుకుంటే అసలు సమస్య తెలిసింది. ట్యాగ్‌కి ఫైండ్ మైలో హిస్టరీ ఉండదు. చివరి లొకేషన్ ఒక్కటే. కొత్తది రాగానే పాతది పోతుంది. రాత్రి ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూప్‌లో కంగారుగా పెట్టిన స్క్రీన్‌షాట్లే నాకు లాగ్ ఫైల్ అయ్యాయి. మొత్తం తొమ్మిది. మీకెప్పుడైనా ఈ గతి పడితే చుక్క కదిలిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్ తీయండి, పైన ఫోన్ టైమ్, కింద "ఎన్ని నిమిషాల క్రితం" రెండూ పడేలా. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తేనే అసలు టైమ్ వస్తుంది. ఐఓఎస్ 18.2 నుంచి ట్యాగ్ లొకేషన్‌ని లింక్‌గా షేర్ చేయొచ్చు, ఆ లింక్ ఆండ్రాయిడ్ వాళ్ల బ్రౌజర్‌లో కూడా తెరుచుకుంటుంది, ఏడు రోజులు పనిచేస్తుంది. ఆ రాత్రి నాకు గుర్తుకు రాలేదు. గుర్తొచ్చి ఉంటే వెతికే ప్రతివాడూ "ఇప్పుడెక్కడుందిరా" అని నాకే ఫోన్ చేసేవాడు కాదు.

తొమ్మిదింటినీ మ్యాప్ మీద పెడితే, రోడ్డు మధ్యలోది తీసేస్తే, మిగతావన్నీ రెండు సందుల లోపలే ఉన్నాయి. అంటే జున్ను ఎక్కడికీ పోలేదు. పరిగెత్తింది మేమే.

తర్వాత సీసీటీవీ. సందు మొదట్లో టిఫిన్ సెంటర్ ఓనర్ అడగ్గానే ఫుటేజ్ చూపించారు. ఇక్కడొక చిట్కా: డీవీఆర్ టైమ్‌ని నమ్మకండి. ముందు లైవ్ స్క్రీన్ మీద టైమ్‌నీ మీ ఫోన్ టైమ్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన డీవీఆర్ 17 నిమిషాలు ముందుంది. అది చూసుకోకుండా 8:35 దగ్గర వెతికితే ఏమీ లేదు. 8:52 దగ్గర పెడితే, అదిగో, తోక కాళ్ల మధ్య పెట్టుకుని జున్ను మెయిన్ రోడ్డు దాకా వచ్చి, ఏదో పేలగానే వెనక్కి తిరిగి ఎడమ సందులోకి వెళ్తోంది. ఆ నాలుగు సెకన్ల క్లిప్ ఎన్నిసార్లు చూశానో. ఫుటేజ్ కొన్ని రోజులకి దానంతటదే చెరిగిపోతుంది, కాబట్టి ఈ పని రేపటికి వాయిదా వేయకండి.

మధ్యలో ఒక కాల్ కూడా వచ్చింది. "మీ కుక్క మా దగ్గరుంది, యూపీఐలో మూడు వేలు పంపండి, తెచ్చి ఇస్తాం" అని. నేను పోస్టర్‌లో ఒక విషయం కావాలనే రాయలేదు: దాని వెనక ఎడమ కాలి గోళ్లలో ఒకటి తెల్లగా ఉంటుంది. "ఏ కాలి గోరు తెల్లగా ఉందో చెప్పండి" అన్నా. ఫోన్ కట్ అయింది.

ఎడమ సందులో ప్రతి బిల్డింగ్ సెల్లార్, ప్రతి కారు కింద చూసుకుంటూ వెళ్లాం, ఈసారి అరవకుండా. సాయంత్రం 6:20కి ఒక లేడీస్ హాస్టల్ సెల్లార్‌లో, వాటర్ పంపు వెనక, గోనెసంచి మీద పడుకుని ఉంది జున్ను. పక్కన ప్లాస్టిక్ మూతలో పెరుగన్నం. నేను కింద కూర్చుంటే పొట్టతో పాకుతూ నా దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత కాసేపు నేనేం చేశానో ఇక్కడ రాయను.

పెరుగన్నం పెట్టింది అక్కడి వాచ్‌మన్ భార్య. మహబూబ్‌నగర్ వైపు వాళ్లు. రాత్రి నుంచే కుక్క అక్కడ ఉందట. మధ్యాహ్నం మెడలో ఏదో కుయ్ కుయ్‌మందని చెప్పింది. ఓనర్‌కి దూరంగా 8 నుంచి 24 గంటలు ఉంటే, కదిలించినప్పుడు ఎయిర్‌ట్యాగ్ మోగుతుంది. ఎవరైనా మనల్ని రహస్యంగా ట్రాక్ చేయకుండా పెట్టిన ఫీచర్ అది. ఆ తెల్ల బిళ్ల ఏంటో ఆవిడకి తెలియదు, రబ్బరు హోల్డర్‌లో ఉంది కాబట్టి ఏదో అలంకారం అనుకుంది. నేను లాస్ట్ మోడ్ ఆన్ చేసి నా నంబర్ పెట్టా. ఎన్ఎఫ్‌సీ ఉన్న ఏ ఫోన్‌నైనా దానికి ఆనిస్తే ఆ నంబర్ వచ్చేది. ఆవిడది కీప్యాడ్ ఫోన్. హాస్టల్ అమ్మాయి ఒకామె తన ఆండ్రాయిడ్ ఫోన్ తెచ్చి ఇప్పుడు ఆనించి చూసింది, అందులో ఎన్ఎఫ్‌సీ లేదు. బడ్జెట్ ఫోన్లు రివ్యూ చేసేటప్పుడు "ఎన్ఎఫ్‌సీ లేదు, అయినా పెద్దగా తేడా పడదు" అని నేనే ఎన్నిసార్లు రాశానో.

"నంబర్ రాసుంటే రాత్రే ఫోన్ చేపిస్తుంటి గద సార్," అంది ఆవిడ.

మూడు వేల పైచిలుకు పెట్టి ట్యాగ్ కొన్నా. బెల్టు మీద నంబర్ మాత్రం రాయించలేదు. నాటు కుక్క, నంబర్ లేని బెల్టు... వీధి కుక్కకి ఎవరో ప్రేమతో కట్టారనుకోక ఆవిడ మాత్రం ఏమనుకుంటుంది?

ఇప్పుడు జున్ను బెల్టు మీదే నల్ల దారంతో రెండు నంబర్లు పెద్దగా కుట్టించా, నాది, రూమ్‌మేట్‌ది. పక్క వీధిలో టైలర్ 150 రూపాయలు తీసుకున్నాడు. వేలాడే బిళ్ల కాకుండా కుట్టే ఎందుకంటే, బిళ్ల ఊడిపోతుంది, పైగా భయపడ్డ కుక్క దగ్గరికి చదివేంతగా ఎవరూ వెళ్లలేరు. కుట్టు రెండు అడుగుల నుంచి కనిపిస్తుంది. ఎయిర్‌ట్యాగ్ తీసేయలేదు. ఆ రెండు సందుల్లోనే ఉందని చెప్పింది అదే కదా, చదవడం రానిది నాకు. కాకపోతే హోల్డర్ గట్టిది మార్చా, ఎందుకంటే కుక్క నమిలి లోపలి బటన్ సెల్ మింగితే అది కడుపులో కాల్చేస్తుంది, అది ఇంకా పెద్ద ప్రమాదం. పండగ వారం మాత్రం 4జీ జీపీఎస్ ట్రాకర్ కూడా కడదామని ఒకటి తెప్పించా, దాని రివ్యూ వచ్చే నెల.

ఆవిడ ఫోన్‌లో నా నంబర్ కూడా ఉంది. వాళ్ల అబ్బాయి సేవ్ చేశాడు, "కుక్క సార్" అని.