వాణిజ్య నౌకకు కాపలా: రేవులోను, నడిసముద్రంలోను

మన దేశపు విదేశీ వ్యాపారంలో, పరిమాణం రీత్యా చూస్తే, నూటికి 95 పాళ్ళు ఓడల మీదే సాగుతుంది. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి సరుకు ఓడ లోపలికి వస్తుంటే చూసినవారికి అందులో వందమందైనా ఉంటారనిపిస్తుంది. నిజానికి ఉండేది ఇరవై, పాతికమంది. ఓడ నడపడం, ఇంజను చూసుకోవడం, సరుకు ఎక్కించి దించడం, వంట, అన్నీ వాళ్ళే. దొంగ ఎక్కకుండా కాపలా కాయడం కూడా వాళ్ళ పనే. ఆ కాపలా సంగతే ఇక్కడ కొంత ముచ్చటిద్దాం.

ముందుగా చట్టంలోని ఒక మెలిక. ఒక దేశపు తీరానికి 12 నాటికల్ మైళ్ళ లోపల ఓడను దోచుకుంటే అది సాయుధ దోపిడీ. అదే పని ఆ హద్దు దాటాక చేస్తే పైరసీ. ఇది కేవలం మాటల తేడా కాదు సుమా! లోపల జరిగితే ఆ దేశపు పోలీసులే పట్టుకోవాలి. బయట జరిగితే ఏ దేశపు యుద్ధనౌక అయినా పట్టుకోవచ్చు.

రేవులో ఉన్న ఓడంటే తలుపు తీసిన ఇల్లే. కూలీలు, ఏజెంటు, కస్టమ్సువారు, కూరలు తెచ్చేవాడు, మరమ్మతు మేస్త్రీ ఇలా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. గ్యాంగ్‌వే, అనగా ఓడ ఎక్కే నిచ్చెన, దగ్గర నిలబడిన ఒక్క నావికుడు ప్రతివాని గుర్తింపు కార్డు చూసి, పుస్తకంలో పేరు, వేళ రాసుకుని, పాసు ఇచ్చి పంపాలి. రాత్రి రెండు గంటలకు, వానలో కూడా. రేవు బయట లంగరు వేసి ఉన్నప్పుడు మరో రకం బెడద. చిన్న పడవ చప్పుడు లేకుండా వెనుకవైపుకు వస్తుంది. ఒకడు లంగరు గొలుసు పట్టుకుని పాకుతాడు. మోకులు, రంగు డబ్బాలు, ఇంజను విడిభాగాలు మాయం. అందుకే గొలుసు దిగే గొట్టానికి మూత బిగిస్తారు. ఎలుక ఎక్కకుండా మోకుకు రేకు బిళ్ళ తగిలించడం నావికులకు ఎప్పటినుంచో తెలుసు; మనిషిని ఆపడానికి మాత్రం అంత సులువైన బిళ్ళ ఎవరూ కనిపెట్టలేదు.

బయలుదేరే ముందు ఓడంతా వెతకాలి. లైఫ్‌బోట్లు, గొలుసు గది, ఖాళీ హోల్డులు అన్నీ. అయినా చాలదు. 2022 నవంబరులో నైజీరియాలోని లాగోస్ నుంచి వెళ్ళిన ఆలిథిని-2 అనే ట్యాంకరు చుక్కాని మీద ముగ్గురు మనుషులు కూర్చుని 11 రోజులు ప్రయాణం చేశారు. కాళ్ళ కింద సముద్రం! కానరీ దీవుల్లో ప్రాణాలతో దొరికారు. కాపలా అంటే దొంగల మాటే కాదు. బతుకు కోసం ప్రాణానికి తెగించి ఎక్కినవాళ్ళు కూడా ఆ వెతుకులాటలో దొరుకుతారు. సరిగా వెతికితే వాళ్ళ ప్రాణం కూడా దక్కుతుంది.

1985లో ఆకిలే లౌరో అనే ఇటలీ ప్రయాణికుల ఓడను సాయుధులు పట్టుకుని ఒక ప్రయాణికుణ్ణి చంపారు. దాని ఫలితంగా 1988లో రోము ఒప్పందం వచ్చింది. అమెరికాలో 2001 సెప్టెంబరు దాడుల తరువాత అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2002 డిసెంబరులో ఓడలకూ రేవులకూ కలిపి ఒక భద్రతా నియమావళి చేసింది. ఐ.ఎస్.పి.ఎస్. కోడ్ అంటారు, 2004 జూలై 1 నుంచి అమలు. విదేశాలకు తిరిగే 500 టన్నేజి, ఆపైన ఉన్న సరుకు ఓడలన్నిటికీ వర్తిస్తుంది. ఓడకొక భద్రతాధికారి, కంపెనీకొకరు, రేవుకొకరు. ప్రమాదాన్నిబట్టి మూడు స్థాయిలు. ఇంకా, ఓడలో ఒక రహస్యపు మీట. అది నొక్కితే ఓడలో గంట మోగదు, దగ్గరి ఓడలకూ తెలియదు. ఒడ్డున ఉన్నవారికి మాత్రం కబురు చేరుతుంది. తలమీద తుపాకి పెట్టినవాడికి తెలియకూడదు కదా!

ఇక నడిసముద్రం. ముళ్ళతీగె, అంచుల వెంట చిమ్మే నీళ్ళగొట్టాలు, వేగం పెంచి వంకరటింకరగా నడపడం, ఇవన్నీ దొంగను పూర్తిగా ఆపేవి కావు. కాసిన్ని నిమిషాలు సంపాదించి పెట్టేవి. వేగంగా పోయే కంటెయినరు ఓడకు అంత భయం లేదు. బొగ్గో ఖనిజమో నింపుకుని, డెక్కు నీటికి దగ్గరగా, గంటకు పన్నెండు పదమూడు నాటికల్ మైళ్ళు పోయే ఓడకే గండం. ఆ నిమిషాల్లో అందరూ లోపలినుంచి గడియ వేసుకునే గట్టి గదిలోకి చేరాలి. దాన్ని సిటడెల్ అంటారు. 'అందరూ' అన్న మాటే కీలకం. ఒక్కడు బయట చిక్కినా వాడు బందీ అవుతాడు. అప్పుడు నౌకాదళం ధైర్యంగా ఓడ ఎక్కలేదు. 2024 జనవరిలో సోమాలియా దగ్గర లీలా నార్‌ఫోక్ అనే ఓడ మీదికి సాయుధులు ఎక్కినప్పుడు 21 మంది నావికులు, అందులో 15 మంది మనవాళ్ళు, అలాగే దాక్కున్నారు. ఐ.ఎన్.ఎస్. చెన్నై కమాండోలు ఎక్కేసరికి దొంగలు లేరు. అందరూ క్షేమం.

పట్టుకున్నాక ఏం చేయాలన్నది వేరే తలనొప్పి. 1999 అక్టోబరులో అల్యూమినియం దిమ్మెలతో ఇండోనేషియా నుంచి జపాను బయలుదేరిన అలోండ్రా రెయిన్‌బోను దొంగలు చేజిక్కించుకుని, 17 మంది నావికులను తెప్ప మీద వదిలేసి, ఓడ పేరు మెగా రామా అని మార్చేశారు. నావికులను చివరికి జాలర్లు కాపాడారు. నవంబరులో మన తీర రక్షక దళం, నౌకాదళం ఓడను అరేబియా సముద్రంలో పట్టుకున్నాయి. బొంబాయిలో 2003లో శిక్ష పడింది. 2005లో హైకోర్టు కొట్టివేసింది. మనకు అప్పటికి పైరసీ మీద ప్రత్యేక చట్టమే లేదు. అది 2022 నాటి చట్టంతో వచ్చింది. 2024 మార్చిలో రూయెన్ అనే ఓడ నుంచి ఐ.ఎన్.ఎస్. కోల్‌కతా 17 మంది నావికులను విడిపించి, పట్టుకున్న 35 మందిని బొంబాయి పోలీసులకు అప్పగించింది ఆ చట్టం కిందనే.

నాకు అన్నిటికన్న ఆలోచన కలిగించేది మరొకటి. చాలా ఓడల్లో భద్రతాధికారి పదవి చీఫ్ ఆఫీసరు మెడకే తగిలిస్తారు. రేవులో సరుకు లెక్క కూడా ఆయనదే. 24 గంటల్లో 10 గంటల విశ్రాంతి ఇవ్వాలని నియమం ఉంది. కాగితం మీద అది దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. కాపలా పనులు పెరిగాయి గాని మనుషులు పెరగలేదు. నావికులకు ఒడ్డుకు దిగే అవకాశం ఉండాలని ఆ కోడే చెబుతుంది. అయినా కొన్ని రేవుల్లో భద్రత పేరు చెప్పి వాళ్ళను గేటు దాటనివ్వరు. నెలల తరబడి నీళ్ళ మీద ఉన్న మనిషి, ఎదురుగా ఊరి దీపాలు కనబడుతుంటే, గ్యాంగ్‌వే దగ్గర ఇతరుల పాసులు తనిఖీ చేస్తూ నిలబడతాడు.