పన్నెండు వోల్టులున్నా కారు కదలదేం?

ఉదయాన్నే కారు తాళం తిప్పితే 'టక్'మని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది. ఇంజను తిరగలేదు. హెడ్‌లైట్లు వేసి చూస్తే బాగానే వెలుగుతున్నాయి. మల్టీమీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 12 వోల్టులకు పైనే చూపుతోంది. "బ్యాటరీ పోయింది, కొత్తది వేయించండి" అని ఒకరంటారు. "వోల్టులు ఉన్నాయిగా, బ్యాటరీకేం?" అని మరొకరంటారు. ఎవరి మాట నిజం?

విద్యార్థులారా! పరీక్షించకుండా చెబితే ఇద్దరిదీ తొందరపాటే. మొదటివారి మాట విని వేల రూపాయలు పోసి కొత్త బ్యాటరీ కొన్నాక కూడా కారు కదలకపోవచ్చు. రెండవవారి మాట విని బయలుదేరితే నడిరోడ్డులో ఆగిపోవచ్చు. ఈ చిక్కు విప్పడానికి మీరు తరగతిలో చదువుకొనే ఓమ్ నియమం చాలు. అదెలాగో చూద్దాం.

బ్యాటరీ పెట్టెలో ఏముంది?

కార్లలో ఎక్కువగా కనిపించేది సీసపు బ్యాటరీ. దీని మూలరూపాన్ని 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తయారుచేశాడు. మరల మరల ఛార్జి చేసి వాడుకోగలిగిన మొదటి బ్యాటరీ అదే.

ఈ పెట్టెలో ఆరు గదులు ఉంటాయి. ఒక్కొక్క గది ఒక్కొక్క విద్యుత్ ఘటం. ప్రతి ఘటంలోనూ రెండు రకాల పలకలు సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉంటాయి. ఋణ పలకలు మెత్తని సీసంతోను, ధన పలకలు లెడ్ డై ఆక్సైడుతోను చేసినవి. నిండా ఛార్జి అయిన ఒక్కొక్క ఘటం సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరు ఘటాలను శ్రేణిలో కలిపితే 2.1 × 6 = 12.6 వోల్టులు. '12 వోల్టుల బ్యాటరీ' అని మనం పిలిచేది దీన్నే.

బ్యాటరీ నుండి విద్యుత్తు తీసుకొనేటప్పుడు లోపల జరిగే చర్య ఇది:

సీసం + లెడ్ డై ఆక్సైడు + సల్ఫ్యూరిక్ ఆమ్లం → లెడ్ సల్ఫేటు + నీరు

ఛార్జి చేసేటప్పుడు ఇదే చర్య వెనుకకు నడుస్తుంది. ఇందులో రెండు విషయాలు గమనించండి. బ్యాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ ఆమ్లం ఖర్చయి నీరు పెరుగుతుంది, అంటే ద్రవం పలచబడుతుంది. రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేటు పేరుకొంటుంది. లెడ్ సల్ఫేటు మంచి విద్యుద్వాహకం కాదు. బ్యాటరీ నీరసమంతా ఈ రెండింటిలోనే ఉన్నది.

లోపల దాగిన నిరోధం

ఏ విద్యుత్ ఘటమైనా తన గుండా ప్రవహించే విద్యుత్తును తానే కొంత అడ్డుకొంటుంది. దీనికి అంతర్నిరోధం అని పేరు. ప్రవాహం లేనప్పుడు ఈ నిరోధం ఉన్నట్టే తెలియదు. ప్రవాహం మొదలవగానే

లోపల పోయే వోల్టేజి = ప్రవాహం × అంతర్నిరోధం

అవుతుంది. మిగిలినదే మనకు బయట దక్కుతుంది.

ఇక లెక్క చేద్దాం. మంచి బ్యాటరీ అంతర్నిరోధం 0.01 ఓమ్ అనుకొందాం. పాతబడిన బ్యాటరీకి అది 0.04 ఓమ్ అనుకొందాం. ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు రెండూ 12.6 వోల్టులే చూపుతాయనుకొందాం.

హెడ్‌లైట్లు రెండూ కలిసి సుమారు 9 ఆంపియర్లు తీసుకొంటాయి. పాత బ్యాటరీలో పోయేది 9 × 0.04 = 0.36 వోల్టు మాత్రమే. ఇంకా 12.24 వోల్టులు మిగిలాయి. దీపాలు చక్కగా వెలుగుతాయి.

ఇంజనును తిప్పే స్టార్టర్ మోటారు సంగతి వేరు. చిన్న పెట్రోలు కారులో కూడా అది వంద ఆంపియర్లకు మించి కోరుతుంది. 150 అనుకొందాం. మంచి బ్యాటరీలో 150 × 0.01 = 1.5 వోల్టులు పోయి 11.1 వోల్టులు మిగులుతాయి. ఇంజను గిర్రున తిరుగుతుంది. పాత బ్యాటరీ నుండి అంత ప్రవాహం లాగాలని చూస్తే 150 × 0.04 = 6 వోల్టులు లోపలే ఖర్చయిపోతాయి. మిగిలిన 6.6 వోల్టులతో మోటారు తిరగదు. స్విచ్చి 'టక్'మని ఊరుకొంటుంది.

చూశారా! బస్తా నేల మీద ఉన్నంతసేపు మోసేవాడి బలం ఎంతో తెలియదు. భుజానికి ఎత్తినప్పుడే తెలుస్తుంది. బ్యాటరీ అయినా అంతే. దాని బలాన్ని పని చేస్తున్నప్పుడు కొలవాలి.

మీరే చేసి చూడండి

దీనికి కారు అక్కరలేదు. ఒక కొత్త టార్చి సెల్లు, ఒక వాడేసిన సెల్లు, తంతువు ఉన్న చిన్న టార్చి బల్బు, ఒక స్విచ్చి, మల్టీమీటరు, అమ్మీటరు ఉంటే చాలు. ఎల్.ఇ.డి. బల్బు ఈ ప్రయోగానికి పనికిరాదు.

1. సెల్లు, స్విచ్చి, బల్బు, అమ్మీటరులను శ్రేణిలో కలపండి. మల్టీమీటరును వోల్టుల మీద ఉంచి సెల్లు రెండు కొనలకు కలపండి.
2. స్విచ్చి వేయకముందు వోల్టులు రాసుకోండి.
3. స్విచ్చి వేసి వోల్టులు, ఆంపియర్లు రాసుకోండి.
4. రెండవ సెల్లుతో ఇదంతా మరల చేయండి.

కొత్త సెల్లు 1.55 నుండి 1.45 వోల్టులకు తగ్గిందనుకోండి. ప్రవాహం 0.2 ఆంపియరు. అంతర్నిరోధం = 0.10 ÷ 0.2 = 0.5 ఓమ్. పాత సెల్లు 1.35 నుండి 0.75కు పడిపోయిందనుకోండి. ప్రవాహం 0.15 ఆంపియరు. అంతర్నిరోధం = 0.60 ÷ 0.15 = 4 ఓమ్‌లు. మీ అంకెలు వేరుగా ఉండవచ్చు గాని తేడా మాత్రం స్పష్టంగా కనబడుతుంది.

ఒక హెచ్చరిక: మీటరును ఆంపియర్ల మీద పెట్టి నేరుగా ఏ బ్యాటరీ కొనలకూ తగిలించకండి. టార్చి సెల్లయితే మీటరు మాత్రమే పాడవుతుంది. కారు బ్యాటరీ అయితే తీగలు కాలి మంటలు రావచ్చు.

ముగ్గురు ముద్దాయిలు

కారు కదలనప్పుడు అనుమానించవలసినవి మూడు. పెద్దవారు ఎవరైనా తాళం తిప్పుతుండగా మీరు మీటరు చూసి చెప్పవచ్చు. అంతకు ముందు గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి.

మొదటిది బ్యాటరీ. కారును కొన్ని గంటలు కదలకుండా ఉంచి కొలవండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అయితే దాదాపు సగం. 11.9కి దిగితే ఖాళీ అయినట్టే. నిండుగా ఉండి కూడా స్టార్టర్ వేయగానే 9 వోల్టుల కిందికి జారిపోతే బ్యాటరీ నీరసించిందని అనుమానించాలి. మూతలు తీయగలిగిన బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో మెకానిక్ ఆమ్లాన్ని కొలుస్తాడు. దాని సాంద్రత నీటికి 1.24 నుండి 1.28 రెట్లు ఉంటే మంచిది. 1.15కి దిగితే ఖాళీ అయినట్టు.

రెండవది కలిపిన చోటు. బ్యాటరీ కొనల మీద తెల్లగానో, పచ్చగానో బూజులాంటిది పేరుకోవడం మీరు చూసే ఉంటారు. అది అక్కడ 0.02 ఓమ్ నిరోధం పెట్టినా 150 ఆంపియర్లకు 3 వోల్టులు మింగేస్తుంది. స్టార్టర్ వేస్తుండగా మీటరు ఒక కొనను బ్యాటరీ సీసపు కొమ్ము మీద, రెండవదాన్ని దానికి బిగించిన క్లాంపు మీద ఆనించండి. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు, ఆపైన వస్తే దొంగ దొరికినట్టే. కొత్త బ్యాటరీ కొన్నా ఈ దొంగ అక్కడే ఉంటాడు. అందుకే ముందు శుభ్రం చేసి చూడాలి.

మూడవది ఆల్టర్నేటరు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీని నింపేది ఇదే. అప్పుడు మీటరు సాధారణంగా 13.8 నుండి 14.5 వోల్టుల దాకా చూపాలి. 12.4 చూపి ఇంకా దిగుతుంటే నింపేవాడే పని మానేశాడన్నమాట.

నీరసం ఎందుకు వస్తుంది?

చిన్న కార్లలో 35 ఆంపియర్-గంటల బ్యాటరీలు వాడుతుంటారు. 12 × 35 = 420 వాట్-గంటల శక్తి. లోపలి 10 వాట్ల దీపం ఆర్పడం మరిచారనుకోండి. 420 ÷ 10 = 42 గంటలలో బ్యాటరీ పూర్తిగా ఖాళీ. శనివారం సాయంత్రం మరిస్తే సోమవారం మధ్యాహ్నానికి అయిపోయిందన్నమాట.

ఏ దీపమూ వేయకపోయినా గడియారం, అలారం వంటివి కొద్ది కొద్దిగా తింటూనే ఉంటాయి. 0.03 ఆంపియరు చొప్పున తింటే రోజుకు 0.72 ఆంపియర్-గంట. ఏడు వారాలలో బ్యాటరీ ఖాళీ. 2020లో లాక్‌డౌన్ ముగిశాక ఎన్నో కార్లు కదలకపోవడానికి కారణం ఇదే.

ఖాళీ బ్యాటరీని అలాగే వదిలేస్తే మరో నష్టం ఉన్నది. పలకల మీది లెడ్ సల్ఫేటు క్రమంగా గట్టి స్ఫటికాలుగా మారుతుంది. తరువాత ఛార్జి చేసినా అది పూర్తిగా విడిపోదు. కనుక ఖాళీ అయిన బ్యాటరీని వెంటనే ఛార్జి చేయించాలి.

వేడి కూడా శత్రువే. వేడి పెరిగితే లోపలి లోహం త్వరగా తినివేయబడుతుంది, నీరు ఆవిరవుతుంది. మన ఎండాకాలంలో కారును నీడన నిలపడం బ్యాటరీకీ మంచిదే. మూతలున్న బ్యాటరీలో నీరు తగ్గితే స్వేదనజలమే పోయాలి, ఆమ్లం పోయకూడదు. కుళాయి నీటిలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి.

చేయి వేసే ముందు

బ్యాటరీ ఛార్జి అవుతుండగా హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో అది 4 శాతం చేరినా ఒక్క నిప్పురవ్వ చాలు పేలడానికి. దగ్గర అగ్గిపుల్ల గీయకండి. ఆమ్లం కళ్ళకు, చర్మానికి, బట్టలకు ప్రమాదం. పడితే వెంటనే ధారగా నీటితో చాలాసేపు కడగాలి. కంటిలో పడితే కడిగి డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి.

క్లాంపులు శుభ్రం చేసే పని పెద్దవారు చేస్తుండగా పక్కనుండి చూడండి. విప్పేటప్పుడు ఋణధ్రువం ముందు విప్పాలి. బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. ఎందుకో తెలుసా? చాలా కార్లలో ఋణధ్రువం కారు ఇనుప శరీరానికి కలిసి ఉంటుంది. ధనధ్రువాన్ని ముందు విప్పబోతే స్పానరు పొరపాటున శరీరానికి తగిలి వందల ఆంపియర్లు దాని గుండా ప్రవహిస్తాయి. ఋణధ్రువం ముందే విప్పేస్తే ఆ దారి తెగిపోతుంది. బూజును వంటసోడా కలిపిన నీటితో కడిగి, తుడిచి, బిగించాక వ్యాజలీన్ రాస్తే చాలు.

పనికిరాని బ్యాటరీని పగలగొట్టకండి. సీసం విషం, ముఖ్యంగా పిల్లల మెదడుకు. దుకాణదారుకు తిరిగి ఇస్తే ఆ సీసం కరిగి మరల కొత్త బ్యాటరీ అవుతుంది.

డ్రిల్లింగ్ మెషిన్ కొనబోతే

ఇదే పాఠం పనిముట్ల దుకాణంలోనూ పనికొస్తుంది. తీగ లేని డ్రిల్లింగ్ మెషిన్లు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని మీద '18 వోల్టులు' అని, రెండవదాని మీద '20 వోల్టులు గరిష్ఠం' అని ఉన్నది. రెండవదానికి బలం ఎక్కువా? కాదు. రెండింటిలోనూ ఐదేసి లిథియం అయాన్ ఘటాలే. పని చేస్తున్నప్పుడు ఒక్కొక్కటి సగటున 3.6 వోల్టులు: 3.6 × 5 = 18. నిండా ఛార్జి చేసి, పని పెట్టకముందు కొలిస్తే 20 దాటుతుంది. ఒకే బ్యాటరీకి రెండు పేర్లు!

చూడవలసింది ఆంపియర్-గంటలు కూడా. 18 వోల్టులు, 2 ఆంపియర్-గంటలంటే 36 వాట్-గంటలు. 200 వాట్లు లాగే పని అయితే 36 ÷ 200 = 0.18 గంట, అంటే సుమారు 11 నిమిషాలు. ఇంట్లో అప్పుడప్పుడు కొయ్యకు రంధ్రాలు వేయడానికి అది చాలు. కాంక్రీటు గోడలకు సుత్తిదెబ్బ కూడా ఉన్న యంత్రం కావాలి. రోజంతా పని ఉంటే కరెంటుతో నడిచేదే మేలు. దాని పెట్టె మీద చదరంలో చదరం గుర్తు ఉంటే రెండు పొరల రక్షణ ఉన్నట్టు, రెండు పిన్నుల ప్లగ్గు చాలు. ఆ గుర్తు లేని యంత్రాన్ని ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గుతోనే వాడాలి.

ఆలోచించండి

1. రాత్రంతా ఛార్జి చేసిన కారు బ్యాటరీ తెల్లవారి 10.5 వోల్టులే చూపింది. లోపల ఏమై ఉంటుంది?
2. స్టార్టర్ వేయగానే హెడ్‌లైట్లు మసకబారితే అర్థమేమిటి? ఏమాత్రం మసకబారకుండా, స్టార్టర్ కూడా కదలకపోతే?

జవాబులు: 1. 2.1 × 5 = 10.5. ఆరింటిలో ఒక ఘటం చచ్చిపోయింది. ఇక కొత్త బ్యాటరీ కొనవలసిందే. 2. మసకబారితే ఎక్కువ ప్రవాహం బయలుదేరింది గాని బ్యాటరీయో, దాని కొనలో దాన్ని మోయలేకపోయాయి. మసకబారకపోతే ప్రవాహమే బయలుదేరలేదు. స్విచ్చి, స్టార్టరుకు పోయే తీగ, స్టార్టరు - వీటిలో ఎక్కడో దారి తెగింది. బ్యాటరీని నిందించకండి.