బేవార్సు

సంత ముగిసిన తరువాత ఒక చెట్టుక్రింద గోనెసంచి యొకటి మిగిలిపోయినదనుకొందము. “ఇది ఎవరిది?” అని ఒకరడుగగా, “ఎవరిదో! బేవార్సుగా పడియున్నది” అని మరియొకరందురు. పనిపాటలు లేక వీథులవెంట తిరుగు యువకుని జూచి, “వట్టి బేవార్సు” అని పెద్దలు విసుగుకొందురు. సంచికిని మనుష్యునకును ఒకే మాట యెట్లు చెల్లినది?

అరబ్బీ భాషలో ‘వారిస్’ అనగా ఆస్తికి హక్కుదారుడు. పారసీక భాషలో ‘బే’ అనగా లేని అని అర్థము. ఈ రెండును కలిసి ‘బేవారిస్’ అయినది. వారసుడు లేనిది అని దాని భావము. మనము నిత్యము వాడు ‘వారసుడు’, ‘వారసత్వము’ అను మాటలకును మూలము ఆ ‘వారిస్’ పదమే.

గోలకొండను కుతుబ్‌షాహీలు 1518 మొదలు 1687 వఱకు పాలించిరి. వారి యాస్థానమున పారసీకమునకు గొప్ప గౌరవముండెను. పిమ్మట హైదరాబాదు రాజ్యమునను 1884లో ఉర్దూ అధికారభాష యగువఱకు పారసీకమే ఆ స్థానమున నుండెను. కచేరీలతో పనిబడిన ప్రజలు జిల్లా, వకీలు, దస్తావేజు వంటి మాటలను నేర్చిరి. బేవారిస్ కూడ అట్లే వచ్చి, జనుల నోట నలిగి ‘బేవార్సు’ అయినది. కన్నడమున నిది ‘బేవర్సి’గా మాఱి తిట్టుగా నిలిచినది.

బేకారు, బేఖాతరు, బేషరతు అను మాటలలోను ఈ ‘బే’యే కలదు. బేకారు అనగా పని లేనివాడు. బేషరతు అనగా షరతు లేనిది. అయితే బేల, బేరము, బేసి అను మాటలలోని ‘బే’ వేఱు. అక్షరము ఒకటైనంత మాత్రమున పుట్టుక ఒకటి కాదు.

మొదట ఈ మాటలో నింద లేదు. అది ఆస్తి స్థితిని దెలుపు కచేరీ మాట మాత్రమే. క్రమముగా అడుగువారు లేని వస్తువు నుండి అడుగువారు లేని మనుష్యునకు, అతనినుండి పనికిమాలిన వానికి దాని యర్థము జాఱినది. పూర్వము ‘కంపు’ అనగా వాసన మాత్రమే, నేడు దుర్వాసన. మాటల అర్థము ఇట్లు దిగజాఱుటను భాషావేత్తలు అర్థాపకర్ష మందురు. దీనికి విరుద్ధముగా, ఒకప్పుడు జూదపుశాల నడుపువానిని దెలిపిన ‘సభికుడు’ అను మాట నేడు సభలోని పెద్దమనుష్యునకు చెల్లుచున్నది.

ఇచ్చట నొక విషయము గమనింపదగినది. 1956నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక మరణించినవానికి వారసులెవ్వరును లేనిచో, ఆ యాస్తి ప్రభుత్వమునకు జెందును. దానిపై నున్న బాధ్యతలును ప్రభుత్వమునకే సంక్రమించును. అడుగువారు లేని పొలమును సైతము చట్టము గాలికి వదలలేదు. అట్లే దిక్కులేని బిడ్డల రక్షణకై 2015లో చేసిన బాలన్యాయ చట్టము, అట్టివారిని బాలల సంక్షేమ సమితి యెదుట నిలిపి, సంరక్షణ కల్పింపవలెనని విధించినది.

ఆటలో తగవు వచ్చినప్పుడు ఒక బాలుడు తోటివానిని “బేవార్సు” అని నోరుజాఱవచ్చును. తలిదండ్రులున్నవాడు దానిని వెంటనే మఱచిపోవును. వారిని గోల్పోయినవానికి మాత్రము ఆ మాట తన పాత యర్థముతోనే చెవిని సోకును. అడుగువారు లేకపోవుట వాని తప్పు కాదు. మాట మూలము నెఱిగినవాడు దానిని విసరుటకు ముందు ఎదుటనున్న వాని ముఖము చూచును.