ధ్రువాల మీదుగా మన వాన కబురు

మాలో చాలామందిమి సముద్రం పక్క పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. తుఫాను అంటే మా ఇళ్ళలో వేట ఆగిపోవడం, పొయ్యి వెలగకపోవడం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సంగతి తాతల నోట విననివాళ్ళం లేము. అందుకే స్టడీ అవర్లో ఉపగ్రహాల పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూయబుద్ధి కాలేదు.

ముందుగా ఒక చిన్న ప్రయోగం. ఫుట్‌బాల్‌ను చేయి చాచినంత దూరంలో పట్టుకుని దాని నడుమకు ఎదురుగా చూడండి. నడుము బాగా కనిపిస్తుంది గాని పైకొస, కిందికొస కనిపించవు. టీవీలో మేఘాల బొమ్మలు చూపే ఇన్సాట్ ఉపగ్రహాల పరిస్థితి ఇదే. అవి భూమధ్యరేఖపై దాదాపు 36,000 కి.మీ. ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్లుంటాయి. తుఫాను కదలికను గంటగంటకూ చూపడానికి వీటికి మించినవి లేవు. ధ్రువాలు మాత్రం వీటికి అందవు.

రెండో రకం ఉపగ్రహాలు సుమారు 800 కి.మీ. ఎత్తులోనే ఉంటాయి. మన బంతి లెక్కలో వేలు మందం ఎడం అన్నమాట! ఇవి ఉత్తర దక్షిణాలుగా సుమారు 100 నిమిషాలకొక చుట్టు చొప్పున రోజుకు 14 చుట్లు తిరుగుతాయి. కింద భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది కనుక ప్రతి చుట్టులో కొత్త ప్రాంతం వీటి కిందికి వస్తుంది. ధ్రువప్రాంతం మీదుగా మాత్రం ప్రతిసారీ పోతాయి.

అయితే ధ్రువాల వద్ద నెలల తరబడి చీకటి. మామూలు కెమెరా ఏం చేస్తుంది? ఇక్కడే మైక్రోవేవ్ పరికరాలు అక్కరకొస్తాయి. ప్రతి వస్తువూ సహజంగా కొద్దిపాటి మైక్రోవేవ్ కిరణాలను వెలువరిస్తుంది. సముద్రపు నీటికంటే దానిపై తేలే మంచు ఎక్కువగా వెలువరిస్తుంది. ఆ తేడాను బట్టి చీకటిలోనూ, మబ్బుల చాటునా మంచు ఎంత మేర ఉందో లెక్కగట్టవచ్చు. 1978లో అమెరికా పంపిన నింబస్-7తో మొదలైన ఈ లెక్క నేటికీ సాగుతోంది. ఉత్తర ధ్రువ సముద్రంలో మంచు ఏటా సెప్టెంబరులో బాగా తగ్గుతుంది. 1979లో అప్పటికి మిగిలినది సుమారు 70 లక్షల చదరపు కి.మీ. 2012లో మిగిలినది 34 లక్షలే. సగం పోయిందని చదివి మేము ఆ అంకెను రెండుసార్లు సరిచూసుకున్నాం.

మరి మన వానకూ దీనికీ సంబంధమేమిటి? ఈ రకం ఉపగ్రహాలలో వాతావరణం కోసం పంపినవి మన మీదుగానూ పోతాయి. అవే మైక్రోవేవ్ కిరణాలతో గాలి పొరల్లో ఏ ఎత్తున ఎంత వేడి, ఎంత తేమ ఉన్నాయో కొలుస్తాయి. మేఘాల బొమ్మ చూస్తే ఇప్పుడున్నది తెలుస్తుంది. ఈ కొలతలను కంప్యూటర్ నమూనాల్లో వేస్తే ఎల్లుండి రాబోయేది తెలుస్తుంది. పడవ దించాలా వద్దా అన్నది తేల్చేది ఆ ఎల్లుండి కబురే.

మరొక సంగతి మాకు మరీ నచ్చింది. అంటార్కిటికాలో మన దేశానికి 2012లో ప్రారంభమైన భారతి అనే కేంద్రం ఉంది. జూన్‌లో అక్కడ సూర్యుడే ఉదయించడు. ధ్రువానికి దగ్గర కావడంతో మన ఉపగ్రహాలు చాలా చుట్లలో దానికి కనిపిస్తాయి. 2013లో అక్కడ యాంటెన్నా పెట్టారు. అది అందుకున్న సమాచారం మరో ఉపగ్రహం ద్వారా నేరుగా హైదరాబాదు పక్కనున్న షాద్‌నగర్‌కు చేరుతుంది.