రంగుల నుంచి నలుపు తెలుపులకు

పచ్చని ఆకుల నడుమ ఎర్రని మందారం పూచింది. ఫోటో తీస్తే ఆకులకంటే ముందు పూవే కంటబడుతుంది. అదే ఫోటోను నలుపు తెలుపులలోకి మార్చినప్పుడు ఒక్కొక్కసారి పూవు ఆకులలో కలిసిపోతుంది. దానిని ఎవరూ చెరపలేదు. మరి పూవు ఏమైనట్లు?

డిజిటల్ కెమెరా తీసిన చిత్రం లక్షలాది చుక్కలతో ఏర్పడుతుంది. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. ప్రతి పిక్సెల్‌కు మూడు సంఖ్యలుంటాయి. అందులో ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అనేది అవి తెలుపుతాయి. సాధారణంగా ఈ సంఖ్యలు 0 నుంచి 255 వరకు ఉంటాయి. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. మూడూ సమానంగా ఉండి నడుమ ఎక్కడ ఉన్నా బూడిద వన్నె వస్తుంది.

నలుపు తెలుపు చిత్రంలో ఒక్కొక్క చుక్కకు ఒకే సంఖ్య చాలు. కాబట్టి మూడు సంఖ్యలను ఒకటిగా చేయాలి. మూడింటినీ కూడి మూడుతో భాగించడం సులభమైన పద్ధతి. కాని అలా చేస్తే నిండు ఎరుపు 85, నిండు ఆకుపచ్చ 85, నిండు నీలం కూడా 85 అవుతాయి. మూడు రంగులకూ ఒకే వన్నె వస్తుంది.

మన కన్ను అలా చూడదు. కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా, నీలం తక్కువ వెలుగుగా తోస్తాయి. అందుచేత ఎరుపును 0.299తో, ఆకుపచ్చను 0.587తో, నీలాన్ని 0.114తో గుణించి కూడే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఈ పాళ్ళు 1953లో అమెరికా ఆమోదించిన రంగుల టెలివిజన్ విధానానికి సంబంధించినవి. రంగుల ప్రసారం పాత నలుపు తెలుపు టీవీలలో కూడా చక్కగా కనిపించాలని అప్పుడు ఈ ఏర్పాటు చేశారు. ఈ లెక్కలో నిండు ఎరుపు 76, ఆకుపచ్చ 150, నీలం 29 అవుతాయి.

ఇప్పుడు మందారం సంగతి చూద్దాం. పూరేకుపై ఒక చుక్కలో ఎరుపు 200, ఆకుపచ్చ 30, నీలం 40 ఉన్నాయనుకోండి. ఆకుపై ఒక చుక్కలో అవే వరుసగా 60, 110, 50 అనుకోండి. పై పాళ్ళతో లెక్కిస్తే పూరేకు 82, ఆకు 88 అవుతాయి. రంగులో ఎంతో భేదమున్నా వెలుగులో రెండూ దాదాపు సమానం. పూవు దాగిపోయింది ఇందుకే!

దీనికి ఉపాయం లేకపోలేదు. ఎరుపు సంఖ్యలను మాత్రమే తీసుకుంటే పూవు 200, ఆకు 60. చీకటి ఆకుల మధ్య పూవు వెలుగుతుంది. ఆకుపచ్చ సంఖ్యలను మాత్రమే తీసుకుంటే పూవు 30, ఆకు 110. వెలుగు ఆకుల మధ్య పూవు నల్లగా నిలుస్తుంది. చిత్రాలను సరిదిద్దే ప్రోగ్రాములలో ఈ పాళ్ళను మనమే మార్చుకోవచ్చు.

ఫిల్ము కాలంలో ఈ పనిని లెన్సు ముందు పెట్టే రంగు అద్దాలు చేసేవి. 1927లో ఆన్సెల్ ఆడమ్స్ అమెరికాలోని యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ అనే పెద్ద కొండను ఫోటో తీశాడు. మొదట పసుపు అద్దం వాడాడు. అది చాలదని తోచి ఎర్ర అద్దం పెట్టి మళ్ళీ తీశాడు. ఎర్ర అద్దం నీలి కాంతిని ఆపుతుంది. అందువల్ల ఆకాశం దాదాపు నల్లబడి, కొండ గంభీరంగా నిలిచింది.

అయితే ఒకచోట మేలు చేసిన పాళ్ళు మరొకచోట కీడు చేయవచ్చు. ఒక అవ్వ ఫోటో ఉందనుకోండి. ఆమె నుదుటి చర్మంలో ఎరుపు 170, ఆకుపచ్చ 120, నీలం 90. కుంకుమ బొట్టులో 170, 20, 30. ముఖం తేటగా కనిపిస్తుందని ఎరుపు సంఖ్యలను మాత్రమే తీసుకుంటే నుదురూ 170, బొట్టూ 170. అవ్వ నుదుట బొట్టు మాయమవుతుంది! ఇంటివారు ఆ ఫోటోను ఎలా చూడగలరు? మామూలు పాళ్ళతో చేస్తే నుదురు 132, బొట్టు 66 అవుతాయి. బొట్టు నిలుస్తుంది.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. మూడు సంఖ్యలనుంచి ఒకటి వస్తుంది గాని, ఆ ఒక్కదానినుంచి మళ్ళీ మూడు రావు. 1957లో నలుపు తెలుపులలో వచ్చిన 'మాయాబజార్' చిత్రం 2010లో రంగులతో విడుదలయింది. అటువంటి రంగులను మనుషులు ఎంచుకొని వేయవలసిందే. బూడిద వన్నె తన అసలు రంగును చెప్పదు. కాబట్టి రంగుల ఫోటోను భద్రపరచి, దాని నకలును మాత్రమే మార్చాలి.

యంత్రం క్షణంలో లెక్క కడుతుంది. కాని ఆ చిత్రంలో ఏది పోకూడదో దానికి తెలియదు. అది ఫోటోలోని మనిషిని ఎరిగినవారే చెప్పాలి.

అభ్యాసం

1. మందారం పూవు ఆకులలో కలిసిపోవడానికి కారణమేమి?
2. పసుపు కొమ్ముపై ఒక చుక్కలో ఎరుపు 230, ఆకుపచ్చ 190, నీలం 40 ఉన్నాయి. పాఠంలోని రెండు పద్ధతులలోనూ దాని వన్నెను లెక్కించండి.
3. మీ ఇంటిలోని ఒక పాత నలుపు తెలుపు ఫోటోను చూడండి. అందులోని బట్టల రంగులేమిటో పెద్దలను అడిగి తెలుసుకొని, పది వాక్యాలు రాయండి.