చదరంగపు గడులలోని సంఖ్య

కరీంనగరము జిల్లాలో కుర్క్యాల యను గ్రామము కలదు. దానికి చేరువనున్న బొమ్మలగుట్టపై, పంపకవి సోదరుడైన జినవల్లభుడు 10వ శతాబ్దమున ఒక శాసనమును చెక్కించెను. అందు తెలుగు కందపద్యములు మూడు గలవు. నాడు ఈ సీమను పాలించిన వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. ఆ రాష్ట్రకూట వంశమువాడైన అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దములో, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన.

మల్లన పేర ప్రసిద్ధమైన పద్యమొకటి చదరంగపు లెక్కను తెలుపును. చదరంగమునకు 64 గడులు. మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టించుచు పోయినచో మొత్తము గింజలెన్ని? ఆ పద్యము చెప్పు సంఖ్య ఇది:

1,84,46,74,40,73,70,95,51,615.

ఇందలి యిరువది అంకెలను కవి మాటలలో నిమిడ్చెను. చంద్రుడనిన 1, అగ్ని యనిన 3, వేదమనిన 4, బాణమనిన 5, ఆకాశమనిన 0. ఇట్టి పదములను వరుసగా గ్రహించి, ఒకట్ల స్థానము మొదలుకొని కుడినుండి యెడమకు అంకెలు వేయవలెను.

ఇంత సంఖ్యను కనుగొనుటకు 64 సంఖ్యలను కూడ నక్కరలేదు. 1, 2 కలిపిన 3. ఇది 4 కంటె ఒకటి తక్కువ. 1, 2, 4 కలిపిన 7. ఇది 8 కంటె ఒకటి తక్కువ. ఏ గడివరకు కూడినను, మొత్తము తరువాతి గడిలోని సంఖ్యకంటె ఒకటి తక్కువయే. కావున 2ను 64 మారులు వేసి గుణించి, ఒకటి తీసివేసిన చాలును. 2ను వర్గము చేసి, వచ్చినదానిని మరల వర్గము చేయుచు ఆరు మారులు సాగినచో ఆ లబ్ధము లభించును.

వేయి వడ్లగింజలు ఇంచుమించు 25 గ్రాములు తూగుననుకొందము. అప్పుడీ రాశి 46,000 కోట్ల టన్నులకు మించును. నేడు ప్రపంచమంతట ఏటేట పండు వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. గోదావరి నీటితో పండు మన పొలములతోపాటు లోకములోని పొలములన్నియు ఐదువందల యేండ్లు పండినను ఆ గడులు నిండవు!

ఈ సంఖ్యకు మరియొక సొగసు కలదు. దీనిని 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆరు సంఖ్యల లబ్ధముగా వ్రాయవచ్చును. వీనిలో ప్రతిదియు, తనకు ముందున్నవాని లబ్ధముకంటె రెండెక్కువ. మొదటి యైదును ప్రధాన సంఖ్యలు. ఆరవదియు అట్టిదేయని ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫెర్మా 17వ శతాబ్దమున నమ్మెను. కాని 1732లో ఆయిలర్, 641 దానిని నిశ్శేషముగా భాగించునని కనుగొనెను. ఎంత గొప్పవాని మాటయైనను గణితమున పరీక్షకు నిలువవలసినదే గదా!

తాటియాకులపై అంకెలు వ్రాయునప్పుడు ఒక్కటి తప్పినను లెక్కయంతయు చెడును. పద్యములో పదము తప్పినచో ఛందస్సు చెడి, ఆ లోపమును చెవి పట్టును. సంఖ్యయు తన్ను తాను కాచుకొనును. చివరి అంకె 5 కావున అది 5చే భాగింపబడవలెను. అంకెల మొత్తము 87 కావున 3చేతను భాగింపబడవలెను. విద్యార్థులు కాగితము తీసికొని సరిచూడవచ్చును. పద్యము కంఠస్థమైన మేలే. దానిలోని లెక్క స్వయముగా తేలినప్పుడే ఆ విద్య మనదగును.