గువ్వల జత



కొంతకాలం క్రిందట మా విచారణలో ఒక క్రొత్త ఇంటిని ఆశీర్వదించడానికి వెళ్ళాను. ప్రార్థన ముగిశాక ఇంటి యజమాని కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పాడు. దేవునికి తనపై ప్రేమ ఉంది గనుకనే ఈ మేడ కట్టగలిగాననీ, నమ్మినవారిని ఆయన పేదరికంలో ఉంచడనీ అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. భోజనాల వేళ, ఆ ఇంటికి ఇటుకలు మోసిన ఒక తల్లి నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది: "ఫాదరుగారూ, మరి దేవునికి మామీద కోపమా?"

ఆ పూట ఆమెకు సరైన జవాబు చెప్పలేకపోయాను. వచ్చి లూకా సువార్త తెరిచాను.

నీవు దేవుని అనుగ్రహం పొందావని దేవదూత ఎవరితో చెప్పాడు? నజరేతు కన్య మరియమ్మతో (లూకా 1:30). ఆ అనుగ్రహం ఆమెకు మేడలు తెచ్చిందా? బిడ్డ పుట్టిన రాత్రి సత్రంలో చోటే దొరకలేదు. శుద్ధి దినాలు నిండాక బిడ్డను యెరూషలేము దేవాలయానికి తీసుకొని వెళ్ళారు. బాలింత ఏడాది గొఱ్ఱెపిల్లను దహనబలిగాను, ఒక గువ్వనో పావురపు పిల్లనో పాపపరిహారబలిగాను ఇవ్వాలని ధర్మశాస్త్రం. గొఱ్ఱెపిల్లకు స్తోమత లేనివారు రెండు గువ్వలనో రెండు పావురపు పిల్లలనో ఇస్తే చాలు (లేవీ 12:6-8). లూకా గొఱ్ఱెపిల్ల ఊసే ఎత్తడు. పక్షుల జత ఒక్కటే చెబుతాడు (2:24). అంటే దేవమాత, జోజప్పగారు బీదల వరుసలో నిలబడ్డారన్నమాట. ఫిబ్రవరి 2న ఏటా ఈ వచనం వింటూనే ఉన్నాం. మన కన్ను మాత్రం కొవ్వొత్తుల మీదే!

అలాగని ఉన్నవారిని దేవుడు త్రోసివేయడు. జక్కయ్య ఇంటికి ప్రభువు తానే వెళ్ళాడు గదా! అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు బ్యాంకరు కుమార్తె పునీత కేథరిన్ డ్రెక్సెల్ సంగతి చూడండి. 1885లో తండ్రి చనిపోగా, ఆయన ఆస్తిపై వచ్చే ఆదాయం ముగ్గురు ఆడపిల్లలకు దక్కింది. అక్కడి ఆదివాసుల కోసం మిషనరీలను పంపమని 1887లో ఆమె పదమూడవ లియో పోపుగారిని వేడుకుంటే, నీవే ఎందుకు మిషనరీవి కాకూడదని ఆయన తిరిగి అడిగారు. ధనం ఇవ్వడం తేలికే. ఆ ప్రశ్న మాత్రం ఆమెను వదలలేదు. 1891లో దివ్యసత్ప్రసాద సోదరీమణుల సభను స్థాపించి, తన ఆదాయాన్ని ఆదివాసుల, నల్లజాతివారి బడులకు ధారపోసింది. 1955లో ఆమె మరణించాక, తండ్రి వీలునామా ప్రకారం మూలధనం ఆయన పేర్కొన్న ధర్మసంస్థలకు వెళ్ళింది. తాను స్థాపించిన సభకు అందులో వాటా లేదు. 2000లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

మరుసటి ఆదివారం పూజ తరువాత ఆ తల్లికి గువ్వల సంగతి చెప్పాను. మరియ తల్లికి కూడా గొఱ్ఱెపిల్ల కొనే స్తోమత లేదా అని రెండుసార్లు అడిగి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వెళ్ళబోతూ ఆగి, "ఆ మేడ పనికి మాకు రెండు వారాల కూలి ఇంకా రావాలి ఫాదరుగారూ, మీరొక మాట చెబుతారా?" అంది.

ఆ సాయంత్రం, ఎగవేసిన కూలి పెట్టే మొరను గురించిన యాకోబు 5:4 ఒకసారి చదువుకొని, మళ్ళీ ఆ మేడకు వెళ్ళాను.